వాషరు కళ్ళకద్దుకునే మాస్టారు

గుడివాడలో మూతపడిన రైసుమిల్లు షెడ్డులో ఓ ఫిజిక్స్ మాస్టారు రిటైరయ్యాక సొంతంగా రెండు సీట్ల విమానం కడుతుండేవారు. రాహుకాలాలూ మొక్కులూ దండగని బందరు హేతువాద సభల్లో నేను గొంతు చించుకుంటే, ముందు వరసలో కూర్చుని తలూపేవారు. రెండో సీటు నాదేనని మాటిచ్చారు.

ఒకరోజు రెక్కకు బోల్టు బిగిస్తూ, వాషరు తీసి కళ్ళకద్దుకున్నారు. నాకు ఒళ్ళు మండింది.

"ఏంటి మాస్టారూ, దణ్ణాలతో ఎగురుతుందా ఇది? అలాగైతే నేనెక్కను."

"దణ్ణం కాదయ్యా. షుగరొచ్చాక వేళ్ళకి స్పర్శ తగ్గింది. అంచు గరుకుగా ఉంటే కనురెప్పకే తెలుస్తుంది."

ఆ జవాబు నాకు నచ్చింది.

తరువాతి బోల్టు పొట్టిదైంది. నట్టు తిరిగే మరచుట్లు ఉన్న భాగం రేకుల మధ్యే ఉండిపోయింది. బరువంతా మర మీద పడితే విరుగుతుందని తీసేశారు. పొడవుది వేస్తే నునుపు భాగం కాస్త ఎక్కువైంది. వాషరుతో సరిపెట్టి, నట్టు దాటి మర కనిపించేదాకా బిగించారు. ఆ తరువాత, తీసేసిన పొట్టి బోల్టును కూడా కళ్ళకద్దుకుని డబ్బాలో వేశారు.

"పక్కన పడేసేదానికి గరుకు చూడటం ఎందుకండీ?"

ఆయన బోల్టు వంకా నా వంకా చూశారు.

"నిజమే. ఎందుకు చూశానంటావు?"

ఆయన ఇంకో వాషరు నా చేతిలో పెట్టి, "ఇది నువ్వు చూడు" అన్నారు.

రెప్పకు ఆనించాను. చల్లగా, నునుపుగా ఉంది. అది తెలిశాక కూడా చెయ్యి వెంటనే దించలేదు. ఎందుకో ఇప్పటికీ చెప్పలేను. ఎక్కనన్న మాట మాత్రం మళ్ళీ అనలేదు.