చెరపని ట్రాక్

ముప్పై ఏళ్లుగా ఫిలింనగర్‌లో పాడుతున్న సుబ్రహ్మణ్యం గొంతు ఒక్క సినిమాలోనూ వినిపించదు. గొంతు బాగాలేక కాదు. ఆయన ట్రాక్ సింగర్. పాట పాడవలసిన పెద్ద గాయకుడు చెన్నైలోనో ముంబైలోనో ఉంటాడు. ఆయన వచ్చేలోగా పాట ఎలా ఉంటుందో వినిపించడానికి సుబ్రహ్మణ్యం ముందుగా పాడిపెడతాడు. పెద్దాయన వస్తాడు, వింటాడు, అలాగే పాడి వెళ్తాడు. తర్వాత సుబ్రహ్మణ్యం పాడినదాన్ని చెరిపేస్తారు. ఏ గాయకుడి కోసమైతే ఆ గాయకుడిలా పాడి వినిపించడం ఆయన విద్య. విడుదల కాని పాట ఇంట్లో గొంతెత్తి పాడకూడదని నియమం కూడా పెట్టుకున్నాడు. అందుకే ఇంట్లో కూనిరాగాలే తప్ప పాట లేదు.

తెనాలి నుంచి వచ్చి మోతీనగర్‌లో స్థిరపడ్డ ఈ పెద్దమనిషికి కోరిక ఒక్కటే. తన గొంతుతో, తన పేరుతో ఒక్క పాట బయటికి రావాలి. భార్య రాజ్యలక్ష్మికి తప్ప ఎవరికీ చెప్పలేదు. యాభై దాటాక ఆమెకు చెప్పడమూ మానేశాడు.

ఎండాకాలంలో స్ఫూర్తి ఫోన్ చేసింది. బోరబండ పిల్ల. ఇద్దరు స్నేహితులతో కలిసి ‘గుట్ట గ్యాంగ్’ అని ర్యాప్ బృందం పెట్టింది. మొదటి ఆల్బమ్ తయారవుతోంది, అందులోంచి ఒక పాట ముందుగా వదులుతారట. పేరు ‘నల్లా బంద్’. కుళాయిలో నీళ్లు రాని బస్తీ గోల. మధ్యలో పాతకాలపు బాణీలో నాలుగు వరుసలు కావాలంది.

ఫిలింనగర్ బస్తీలో టైలర్ షాపు మీది గదే వాళ్ల స్టూడియో. “ఎవరి కోసమమ్మా?” అని అడిగాడు సుబ్రహ్మణ్యం, అలవాటు ప్రకారం.

“మా కోసమే సార్.”

ఇంకా సింగర్ ఖాయం కాలేదు కాబోలు అనుకున్నాడు. ఎవరో తెలియనప్పుడు ఎవరిలా పాడతాడు? ఊరికే పాడేశాడు. “నీళ్లొచ్చే వేళాయె, బిందె తీయవే” అని ఎత్తుకుని, మూడో వరుస మరిచిపోయి తదరినా అని నడిపించాడు. మధ్యలో దగ్గాడు. “అమ్మా, ఆ ఫ్యాన్ ఆపు, గుయ్‌మంటోంది” అని కూడా అన్నాడు. ఎలాగూ చెరిపేసేదే కదా. టీ తాగి ఇంటికొచ్చాడు.

మూడు వారాల తర్వాత కూరగాయలు కొంటుంటే, పక్కన ఆగిన ఆటోలోంచి తన దగ్గు వినపడింది. ఆ వెంటనే “అమ్మా, ఆ ఫ్యాన్ ఆపు”. దాని మీద డప్పు దరువు. ఆటోవాలా తలాడిస్తున్నాడు. సుబ్రహ్మణ్యం బెండకాయలు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఫోన్ తీసి వెతికితే పాట కింద గ్యాంగ్ పేరు పక్కనే తన పేరుంది. ముప్పై ఏళ్ల కోరిక తీరింది, తదరినాతో, దగ్గుతో సహా! నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తనను నెత్తిన పెట్టుకున్నారా, వెక్కిరించారా?

మర్నాడు పొద్దున్నే వెళ్లి నిలదీశాడు. “ఇదేం పనమ్మా? ట్రాక్‌ను ఎవరైనా అలాగే వదిలేస్తారా? నా పరువేం కాను?”

స్ఫూర్తి బిక్కమొహం వేసింది. “ట్రాక్ ఏంది సార్? మేం మీ పాటే కావాలన్నం. అందరు ఆ దగ్గు గురించే అడుగుతున్రు.”

“దగ్గు గురించా!”

“ఫికర్ చేయకుండ్రి. పూర్తి ఆల్బమ్ శుక్రవారం వస్తది. నచ్చకుంటె మళ్లా పాడుండ్రి, అండ్ల గదే పెడ్తం. మీ ఇష్టం.”

పాడాడు. ఫ్యాన్ ఆపించి, నాలుగు వరుసలూ కంఠతా పట్టి, నేర్చిన విద్యంతా రంగరించి పాడాడు. స్ఫూర్తి “మస్తుంది సార్” అంది కానీ, మొహంలో వెలుగు లేదు. రెండూ ఆయన ఫోన్‌కు పంపి, సాయంత్రంలోగా ఏదో ఒకటి చెప్పమంది.

ఇంటి దగ్గర రాజ్యలక్ష్మి గోంగూర ఒలుస్తోంది. మొదటిది వినిపించాడు. దగ్గు రాగానే ఫక్కున నవ్వింది. “మీరే! అచ్చం మీరే!” రెండోది ఎవరిదో చెప్పకుండా పెట్టాడు. ఆమె చేతులు ఆగిపోయాయి.

“అబ్బ, ఎంత బాగా పాడాడండీ! ఎవరీయన?”

సుబ్రహ్మణ్యం దాన్ని మళ్లీ విన్నాడు. మొదటి వరుస చివర వణుకు ఒక గాయకుడిది. రెండో వరుసలో ముక్కుతో తేల్చడం ఇంకొకరిది. మూడోదాంట్లో ఊపిరి ఆపిన తీరు మరొకరిది. అందులో తనకోసం వెతుక్కున్నాడు. ఎక్కడా లేడు. సిగ్గేసింది, అంతకన్నా ఎక్కువ భయం వేసింది.

స్ఫూర్తికి ఫోన్ చేశాడు. “పాతదే ఉంచమ్మా.”

“మీకు నచ్చిందా సార్?”

“ఏమో తల్లీ, నాకేమీ అర్థం కావట్లేదు. దాన్నే ఉంచు.”

రాజ్యలక్ష్మి మళ్లీ గోంగూర అందుకుంది. “మరి రెండో ఆయనకి చెప్పారా, ఆయన పాట పెట్టడం లేదని? పాపం, అంత కష్టపడి పాడాడు, బాధపడతాడేమో.”

“చెప్పానులే,” అన్నాడు సుబ్రహ్మణ్యం.