తట్ట ఎక్కితేనే పక్షులొచ్చే వంతెన

"సేపల కంపు కొట్టే ఊరికి టూరేటే? నీకేటి పన్లేదా?" గజపతినగరంలో నేను బ్యాగు సర్దుకుంటుంటే మా చిన్నాన్న వెటకారం. అంతే, వెళ్లి తీరాలనిపించింది. సాయంత్రానికి శ్రీకాకుళం మీదుగా టెక్కలి చేరి, ఆరు వందల గదిలో దిగాను.

తెల్లారి అయిదుంపావుకి ఆటో మాట్లాడుకున్నాను, రానూపోనూ ఏడు వందలు. భావనపాడు దగ్గర ఉప్పుటేరు మీద సన్నటి కాలివంతెన ఉంది. ఇవతల ఊరు, అవతల ఇసుక, ఆపైన సముద్రం. ఆరుకల్లా ఎక్కాను. కింద బురదలో ఎర్ర పీతలు, ఎదురుగా పొద్దు పొడుస్తున్న నీళ్లు. అబ్బ, ఎంత బాగుందో! పక్షులు మాత్రం దూరంగా మడ చెట్ల మీదే కూర్చున్నాయి. వంతెన మధ్యలో పెద్ద కెమెరాతో ఉన్న విశాఖ దంపతులు విసుక్కుంటున్నారు. "గంటైందండీ, ఒక్కటీ దగ్గరికి రాలేదు."

అవతలి చివర కేకలు వినిపించి వెళ్లాను. పడవల దగ్గర నుంచి చేపల తట్టతో వచ్చిన నూకాలు అనే చేపలమ్మే ఆమెను వంతెన కాపలాదారు అప్పన్న ఆపేశాడు. పక్కనే కొత్త బోర్డు: తట్టలతో వంతెన ఎక్కరాదు.

"టూరిస్టులకి కంపంట అత్తా. నానేటి సెయ్యను?"

"ఒరే అల్లుడా, నీ బోర్డు నిన్నొచ్చినాది. నాను ముప్పయ్యేళ్ల నుంచి నడుస్తన్నాను. సుట్టూ తిరిగెళ్తే టెక్కలి బేరం దాటిపోతాది. ఈ సేప నువ్వు కొంటావేటి?" ఆమె నా వైపు తిరిగింది. "పక్షుల కోసమొచ్చావా అమ్మా? నడిమికెళ్లి నలిగిన సేప నాను ఇసిరితేనే అవొస్తాయి. నిన్న నన్నాపేసినారు, అవీ రాలేదు."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కంపంటే చిన్నాన్న మొహం గుర్తొచ్చింది. తట్టకు రెండో పక్క పట్టుకుని, "నన్ను కూడా ఆపు, చూద్దాం" అన్నాను.

అప్పన్న మమ్మల్నీ బోర్డునీ చూశాడు. కుర్చీ పక్కకు లాక్కున్నాడు. "ఎల్లత్తా. అడిగితే నాను సూళ్లేదంటాను."

మధ్యకు వచ్చాక నూకాలు గుప్పెడు చేపలు గాల్లోకి విసిరింది. ముందు గద్దలు, వెనకే కొంగలు, ఆఖరికి సంచి ముక్కుల గూడబాతులు రెండు! కెమెరా ఆయన ఫొటోలు తీయడం కూడా మరిచిపోయాడు. చేపనీళ్లు నా చున్నీ మీదుగా కారిపోయాయి. టెక్కలి వెళ్లే ఆరున్నర ఆటో నూకాలుకు అందింది.

ఆ చున్నీతోనే టెక్కలిలో ఇంటికి బస్సెక్కాను, ముక్కు మూసుకున్నవాళ్లను మూసుకోనిచ్చాను. చేపను పట్టి, మోసి, అమ్మేవాళ్లను తప్పించి సముద్రాన్ని మాత్రం చూపించాలనుకునేవాళ్ల మీద నా కోపం ఇంకా తగ్గలేదు, తగ్గదు కూడా.

వెళ్లేవాళ్లకు ఒక్క మాట: ఆరుకల్లా వంతెన మీద ఉండండి. తట్టతో ఎవరైనా ఎదురొస్తే పక్కకు తప్పుకోవాల్సింది మీరే.