సున్నం కింద డొల్ల

నిన్న వైశాలి నగర్‌లో మా మేనకోడలి కోసం అద్దె వాటా చూడబోయి, కొత్త సున్నం వాసన తగలగానే మూలనున్న బూజుకర్ర అందుకుని పైకప్పును టకటకా కొట్టాను. కొబ్బరికాయను మోగించి కొనే ఇంట పుట్టినదాన్ని. పెళ్లిచూపుల్లో మా ఆయన్ని అలా మోగించలేదన్న విచారం ఇప్పటికీ ఉంది. ఈ హిందీ ఊళ్లోనే పుట్టి పెరిగిన మన తెలుగు కుర్ర ఇంటాయన పకపకా నవ్వి, "ఆంటీజీ, కొబ్బరికాయ బేరమాడతన్నారా ఏటి? ఛత్ ఏక్‌దమ్ పక్కా" అన్నాడు. వాడు పక్కా అన్న కప్పు మాత్రం డొల్లగా పలికింది.

నా చిన్నప్పుడు ఇదే ఊళ్లో, ఖుర్సీపార్‌లో ఒక అద్దింటి ముందు గదిలో మా నాన్న కిరాణా కొట్టు, వెనక వాటాలో మా కాపురం ఉండేవి. ఇంటాయన శ్రీకాకుళం వైపు మావాడే, నాన్నకు వరసకు బావ. ఆ వరసే మా కొంప ముంచింది. మనవాడి మీద బయట ఫిర్యాదు చేయడమంటే ఇంటి గుట్టు వీధిలో ఆరబోయడమే కదా ఆ రోజుల్లో, మీకు తెలియనిదా! మాతోనే ఉండే మా పిన్ని మాత్రం వాన పడ్డప్పుడల్లా ఆయన్ని పిలిచి, వంటింటి కప్పులో ఇనుప ఊచలు బయటపడ్డ చోటు చూపించేది. ఆయన తలెత్తి చూసి, "దసరా అవనీ సెల్లీ, సూద్దుం" అని టీ తాగి వెళ్లేవాడు. దసరాకు నిజంగానే సున్నం వేయించాడు. ఊచలు కనబడకుండా పోయాయి, అందరికీ మనశ్శాంతి. మరుసటి వానల్లో పిన్ని గంజి వారుస్తుండగా పెళ్ల ఊడి ఆమె కుడి భుజం మీద పడింది.

పెద్దలు మా కొట్టులోనే బస్తాల మీద కూర్చుని పంచాయితీ పెట్టారు. పిన్ని ఏమీ కోరలేదు. "కప్పు పాడైందని తనకు ముందే తెలుసునని ఆయన్ని నలుగురిలో ఒక్కమారు అనమనండి, సాలు" అంది. ఆయన ఆ మాట తప్ప అన్నీ అన్నాడు. తుండుగుడ్డ మొహానికి అడ్డం పెట్టుకుని ఎంత ఏడ్చాడంటే, చివరికి పెద్దలు ఆయన్నే ఓదార్చారు. "దేవుడి రాత, ఊరుకో బావా" అని నాన్న సోడా తెప్పించాడు. చింతపండు తూకంలో గింజ వదలని మనిషి, ఆ రోజు ఉత్తి కన్నీళ్లను నిండు ధరకు కొన్నాడు. పిన్ని లేచి లోపలికి వెళ్లిపోయింది. ఆ చేయి మళ్లీ తలదాకా లేవలేదు. ఆమెకు జడ నేనే వేసేదాన్ని.

నిన్న ఆ కుర్రాణ్ణీ అదే అడిగాను: ఈ కప్పు కూలితే బాధ్యత నాదని నోటితో అను నాయనా, అడిగిన అద్దెకే తీసుకుంటాం. నా జన్మలో బేరమాడనిది అదొక్కసారే. వాడు అద్దె తగ్గిస్తానన్నాడు గానీ ఆ మాట అనలేదు. మరమ్మతులన్నీ అద్దెకుండేవాళ్లే చేయించుకోవాలని అగ్రిమెంటులో ముందే అచ్చయి ఉందట. "ఛోడో అత్తా, వదిలెయ్, ఇళ్లన్నీ ఇలాగే ఉన్నాయి" అంది మేనకోడలు. అయినా రెక్క పట్టుకుని లాక్కొచ్చాను. మేం మెట్లు దిగుతుంటే వాటా చూడటానికి కొత్త జంట ఎక్కుతోంది. ఆపి కప్పు డొల్లని చెబితే, మర్యాదగా నవ్వి పైకి వెళ్లారు.

మా రోజుల్లో ఇంటాయన కనీసం ఏడ్చేవాడు.