టీ తోటలకు మోసుకెళ్లిన టీ డబ్బా

ఆ రోజుల్లో అంటే మరీ ముత్తాతల కాలం అనుకోకండి. చందానగర్‌లో హాస్టల్ గది పంచుకుంటూ, కిక్కిరిసిన ఆటోలో హైటెక్ సిటీ ఆఫీసుకు వెళ్లిన రోజులే. ఉద్యోగం కొత్త, జీతం కొత్త, ఈ రెండూ ఉంటే ఏ కొండైనా ఎక్కేయొచ్చన్న నమ్మకం మరీ కొత్త. అయినా వీపున సంచి తగిలించుకుని మున్నార్ టీ తోటల్లో నడిచి రావాలన్న ఆలోచన నాది కాదు, మా లీడక్కది. ఆవిడ మా టీమ్ లీడ్. హాస్టల్లో నా పక్క మంచం కూడా ఆవిడదే కాబట్టి, పగలూ రాత్రీ నేను ఆవిడ కిందే పనిచేసినట్టు లెక్క.

ఆ ఎండాకాలంలో వాళ్లమ్మ పోయింది. సిద్దిపేట వెళ్లి కర్మలన్నీ దగ్గరుండి జరిపించి వచ్చిన అక్క, మర్నాడే లాప్‌టాప్ తెరిచింది. ఆవిడ కంట నీరు ఎవరూ చూడలేదు. అడిగితే "మంచిగనే ఉన్న, నువ్వు ఫికర్ చెయ్యకు" అనేది. రాత్రుళ్లు ఆవిడ కళ్లు తెరుచుకునే పడుకునేదని నాకు తెలుసు. ఏం మాట్లాడాలో తెలియక నేను నిద్ర నటించేదాన్ని. ఆ దుఃఖం అలాగే గడ్డకట్టి మనిషిని ఏం చేస్తుందోనని నిజంగానే భయపడ్డాను.

వాళ్లమ్మకు టీ అంటే ప్రాణమట. చుట్టాలింట్లో పలచగా ఇస్తే "ఇది చాయా, గిన్నె గడిగిన నీళ్లా?" అని మొహం మీదే అడిగేసేదట. చాయ్‌పత్తా పెరిగే కొండలు ఒక్కసారి చూపించమని కూతుర్ని అడుగుతూ ఉండేది. "ఈ ప్రాజెక్టు అయిపోనీ అమ్మా" అంటూ అక్క వాయిదా వేస్తూ వచ్చింది. ప్రాజెక్టు ఒకటి అయ్యేలోపే ఇంకొకటి వచ్చిపడేది (మా ఆఫీసులో చేసినవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు). చివరికి అమ్మ వంటింటి అరలోని టీ డబ్బా మాత్రం అక్కతో వచ్చింది. మూత మీద అమ్మ కట్టిన గుడ్డ, దానికి చుట్టిన రబ్బరు బ్యాండు అలాగే ఉన్నాయి.

"గా కొండ మీదనే అమ్మ పత్తాతోని చాయ్ పెడత. అప్పటిదాక మూత తియ్య" అంది.

"టీ తోటలకు టీపొడి మోసుకెళ్తామా అక్కా?"

"నువ్వు హెయిర్ డ్రయర్ మోసుకస్తలేవా?"

ఆ మాటా నిజమే. దానికి తోడు కాకినాడ నుంచి మా అమ్మ పంపిన ఉప్మా రవ్వ, ఉల్లిపాయలు, నూనె సీసా కూడా నా సంచిలోనే ఉన్నాయి. కొండలెక్కడానికి సాధన అంటారా, మియాపూర్ మెట్రోలో ఎస్కలేటర్ ఆగిపోయిన రోజున మెట్లెక్కాను.

మున్నార్‌లో చలి, పొగమంచు, కాళ్లకు జలగలు. ఎటు చూసినా పచ్చటి టీ పొదలు. వాటిని చూసి మురిసిపోతూ జారిపడి, సంచి బరువుకు లేవలేక, తిరగబడ్డ తాబేలులా కాళ్లూ చేతులూ ఆడించాను. అక్క చెయ్యిచ్చి లేపింది. అప్పుడూ ఆవిడ నవ్వలేదు.

కొండ పైన గుడారాలు అద్దెకిచ్చేవాళ్ల దగ్గర తీసుకున్న చిన్న స్టవ్ మీద నీళ్లు పెట్టాం. అక్క రబ్బరు బ్యాండు తీసి, గుడ్డను మడతపెట్టి జేబులో పెట్టుకుని, మూత తీసింది. డబ్బాను వెలుతురుకేసి వంచి చూసింది. నేనూ తొంగి చూశాను. డబ్బా నిండా ఆవాలు!

(పాలపొడి డబ్బాలో కందిపప్పు, బిస్కెట్ డబ్బాలో సూదీదారం దాచే ఇళ్లలో పుట్టి పెరిగిన ఇద్దరు ఇంజినీర్లకు ఒక్కసారి మూత తీసి చూద్దామన్న బుద్ధి పుట్టలేదు.)

"ఏందమ్మా గిది! ఇంత దూరం మోసుకొచ్చినంక గిట్ల జేస్తివా!" అని అక్క డబ్బాతో అంది. అని, పగలబడి నవ్వింది. ఆ నవ్వు సగంలోనే ఏడుపయింది. డబ్బా ఒళ్లో పెట్టుకుని, తడినేల మీదే కూలబడి, "చూపిస్త అన్న... చూపియ్యలే" అంటూ వెక్కివెక్కి ఏడ్చింది. భుజం చుట్టూ చెయ్యి వేసి కూర్చున్నాను. నాకూ కన్నీళ్లు ఆగలేదు. ఏదైనా మంచిమాట చెప్పి ఓదార్చాలని ఎంతో వెతుక్కున్నాను.

"ఉప్మా చేద్దామా అక్కా?" అన్నాను చివరికి.

అక్క చాలాసేపు ఏడ్చి, కొంగులేదు గనక నా మఫ్లర్‌తో మొహం తుడుచుకుని అడిగింది: "ఉల్లిగడ్డ ఉన్నదా?"

"ఉందక్కా."

కాగిన నూనెలో వాళ్లమ్మ ఆవాలు చిటపటలాడాయి. ఆ పొగమంచులో, ఆ టీ తోటల మధ్య సిద్దిపేట వంటింటి పోపు వాసన వచ్చింది. "అమ్మ వచ్చినట్టే ఉన్నది" అంది అక్క. ఆ రాత్రి గుడారంలో ఆవిడ ఆదమరిచి నిద్రపోయింది.

వస్తూ వస్తూ నాకో గుప్పెడు ఆవాలు పెట్టింది. అవెప్పుడో అయిపోయాయి గానీ, ఇప్పటికీ పుప్పాలగూడలోని మా వంటింట్లో ఆవాలు టీ డబ్బాలోనే ఉంటాయి. మొన్న మావారు టీ పెడదామని అది తెరిచి, "ఇందులో ఆవాలేంటి?" అన్నారు. "టీ డబ్బాలో ఆవాలు కాక ఇంకేముంటాయండీ" అన్నాను. హెయిర్ డ్రయర్‌తో కొండెక్కిన ఆ పిల్ల గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఏం చెప్పాలో తెలియక ఉప్మా అనేసింది పాపం. ఇన్నేళ్లుగా ఎన్ని ఇళ్లకు పరామర్శకు వెళ్లానో గానీ, అంతకంటే మంచిమాట నాకింకా దొరకలేదు.