గుమ్మటం చిన్నదయింది

ఇంగ్లండులో పాత బరోక్ శైలిని మళ్లీ తెచ్చి కట్టిన ఒక నగర భవనం మెట్ల మీద కూర్చుంటే, కాపలాదారు నన్ను లేచిపొమ్మన్నాడు. ఆ జంట స్తంభాలనూ గుమ్మటాన్నీ నేనింకా క్షమించలేదు. పని మీద మహారాష్ట్రలోని చంద్రపూర్ వెళ్లినప్పుడు, బాబుపేట్‌లో ఒక తెలుగువాళ్ల పెళ్లిపందిరికి గుడ్డతో, థర్మోకోల్‌తో ఆ భవనం లాంటి ముఖద్వారమే కట్టి ఉంది.

"స్తంభాలు జంటగా ఉండాలి. గుమ్మటం మరీ చిన్నది," అన్నాను గట్టిగానే.

పిల్ల తండ్రి పరుగున వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. "తప్పయింది బావా. మగపెళ్లోళ్లు మీరే గిట్ల అలిగితె ఎట్ల? ముందుగాల వచ్చి తినుండ్రి."

నా ఫిర్యాదుకు ఎవరైనా తప్పయిందనడం అదే మొదలు. దారిన పోయేవాణ్ణని చెప్పడానికి మనసొప్పలేదు. అసలు మగపెళ్లివారు ఏ వంకా పెట్టకుండా తింటుంటే, పెరుగు పులిసిందని వాళ్ల తరఫున నేనే చెప్పాను.