ఆవకాయ జాడీలో తులసి

మొన్న మా కోడలు ఖాళీ పెయింటు బకెట్టుకు అడుగున చిల్లులు పొడిచి, బాల్కనీలో గోంగూర విత్తనాలు చల్లుతూ, ఇదంతా రీసైక్లింగండీ అత్తయ్యగారూ అంటే నవ్వొచ్చింది. మా రోజుల్లో దానికి పేరుండేది కాదు. ఇంట్లో ఏ గిన్నెకు చిల్లు పడినా, ఏ బాల్చీ కారినా, దాని తరువాతి మజిలీ పెరడేనని మన తరం వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

మా మామగారు గణపవరంలో పౌరోహిత్యం చేసేవారు. ఆయనకు కడుపులో ఆపరేషను చేయాలని ఏలూరు ఆసుపత్రిలో చేర్చినప్పుడు మా అత్తగారు మా అద్దె ఇంటికి వస్తూ, తన తులసి మొక్కను తడిగుడ్డలో చుట్టి తెచ్చుకున్నారు. మా వాకిలంతా సిమెంటు. నేను నూనె డబ్బా చూపిస్తే, ఎవరెవరు ముట్టుకున్నదో అది తులసమ్మకు పనికిరాదని, అటక మీదున్న బీటలు వారిన ఆవకాయ జాడీ దింపించారు. ఏళ్ల తరబడి మడి కట్టుకుంటే తప్ప ఎవరూ తాకని జాడీ అది. మా ఇంట్లో దానంత ఆచారవంతురాలు ఇంకొకరు లేరు.

వారం తిరక్కుండా ఆకులు మాడి రాలడం మొదలైంది. తులసి ఎండితే ఇంటి యజమానికి కీడని ఆవిడ నమ్మకం. ఆపరేషనుకు ముందురోజు అన్నం ముందు కూర్చుని లేచిపోయారు. చదువుకున్నదాన్నని ధైర్యం చెప్పానే గాని, నాకూ లోపల గుబులుగానే ఉంది.

నీళ్లు పోద్దామని వెళితే జాడీ బీటల వెంట తెల్లటి పొడి కనిపించింది. వేలితో తీసి నాలిక మీద వేసుకున్నాను. ఉప్పు! ఇన్నేళ్ల ఆవకాయ ఉప్పూ జాడీలో ఇంకిపోయి, పోసిన నీళ్లతో వేళ్లకు దిగుతోంది. కాస్త తీసుకెళ్లి ఆవిడ చేతిలో పెట్టాను. ఆవిడా నాలికకు రాసుకుని చూశారు.

"అయ్యో నా తల్లీ, తులసమ్మను ఊరేశాను కదే అమ్మాయ్!" అంటూ కళ్ల నీళ్లొచ్చేలా నవ్వి, అన్నం వడ్డించమన్నారు.

ఆ సాయంత్రమే నూనె డబ్బాకు మేకుతో చిల్లులు పొడిచి, పసుపు రాసి, బొట్టు పెట్టి, మొక్కను అందులోకి మార్చాం. మామగారు ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చేసరికి చిగుళ్లు వేసింది.

ఇప్పుడు మొక్క ఎండితే ఎరువు మారుస్తాం, కాదంటే పీకి పారేస్తాం. ఆ భయం పోవడం మంచిదే. కాని మా వారు పోయాక అప్పుడప్పుడు అనిపిస్తుంది, మామగారు అదృష్టవంతులని. నేను బాగుండాలని పొద్దున్నే లేచి ఆకుల వంక బెంగగా చూసేవాళ్లు నాకెవరున్నారు?