ఖాదర్ పన్ను, ఫ్లోరా సూది

ఖాదర్ మొహిద్దీన్ మొట్టమొదట గెలిచింది ఒక పచ్చి వడ్లగింజతో. 1994లో, రెండో పంట ఎడగారు కోతలప్పుడు. అప్పటికి వాడికి పందొమ్మిదేళ్లు. నాలుగేళ్లుగా బుచ్చిరెడ్డిపాలెంలో మా రైస్‌మిల్లు ముంగిట కసువు ఊడుస్తా ఉండినాడు. ధాన్యం చూసే పెద్దమనిషికి ఆ రోజు జ్వరం. దొరవారిసత్రం వైపు నుంచి ఒక ఆసామి లారీ నిండా వడ్లు తెచ్చి, "చూసేవాడు రాకపోతే ఏం, నా ధాన్యానికి చూపు అక్కర్లా, దించుకోండి" అన్నాడు. ఖాదర్ చీపురు గోడకానించినాడు. బస్తాలో గుచ్చి ధాన్యం తీసే ఇనుప గొట్టం తీసుకుని పై వరసలో మూడు చోట్ల, అడుగు వరసలో మూడు చోట్ల గుచ్చినాడు. ఒక్కో గింజ ఎడమ దవడ పళ్ల మధ్య పెట్టి కొరికినాడు.

"పైవి ఎండినాయి. అడుగువి పచ్చి. ఇవి దించితే వారంలో గోడౌను ఉడుకెత్తుతాది."

ఆసామి పడీపడీ నవ్వినాడు. "కసువు ఊడ్చేవాడు నా వడ్లకి వంక పెడతాడా?"

అడుగు బస్తాలు విప్పమన్నది నేను. విప్పితే లోపల చెయ్యి పెట్టలేనంత వెచ్చన, మొలక వాసన. ఆసామి నవ్వు ఆగిపోయింది. మా ఓనరు అప్పటికప్పుడు ఖాదర్ చేతిలో చీపురు తీయించి కాటా పక్కన కుర్చీ వేయించినాడు.

నేను హజరత్తయ్యని. మా ఊరి బళ్లో అయిదో తరగతి దాకా చదివినా. ముప్పై ఎనిమిదేళ్లు మిల్లులో బాయిలరు కాసినా. ఉప్పుడు బియ్యం ఒక్క దఫా మాడబెట్టలేదు, ఒక్క దఫా పలుకు మిగల్చలేదు. అందుకు మిల్లు పనివాళ్ల సంఘం వాళ్లు శాలువా కప్పినారు, అది బీరువాలో ఉంది. ఈసారి సంఘం పుస్తకంలో మన పనివాళ్ల గురించి రాయమంటే, నా చేతి కింద పెరిగిన వాళ్లలో ఖాదర్‌ని మించి రాయదగ్గవాడు నాకు కనబడలా.

ధాన్యం చూడడమంటే ఏందో తెలియని వాళ్లకి చెబుతా. బాగా ఎండిన గింజ పంటి కింద టక్కున విరుగుతాది. పచ్చిది అణుగుతాది. ఈ రెంటికీ మధ్య వంద రకాలుండాయి. అవన్నీ ఖాదర్ పంటికి తెలుసు. సీజనులో రోజుకి నాలుగైదు వందల గింజలు కొరుకుతాడు. బండి తెచ్చినవాడి ముఖం చూడడు. వాడి సొంత బావమరిది బండిని రెండుసార్లు వెనక్కి తిప్పి పంపినాడు. మూడోసారి ఆ బావమరిది రెండు రోజులు ఎండబెట్టుకుని తెచ్చినాడు. "ఖాదర్ కొరికినాడు" అంటే మా వైపు రైతు ఇంక బేరం చెయ్యడు. వాడు సంపాదించిన ఆస్తి ఆ మాటే.

తలనొప్పి పదకొండేళ్ల కిందట మొదలైంది. పార్శ్వపు నొప్పి, ఎడమ కణత. అది వచ్చిందంటే వెలుతురు చూడలేడు, లారీ హారన్ వింటే వాంతి. నెల్లూరులో పెద్ద డాక్టర్లు చూసినారు. తలకాయ ఫొటో తీసి "ఏమీ లేదు" అన్నారు. పదకొండేళ్లు బాధపడినవాడికి ఏమీ లేదని చెప్పడానికి అంత పెద్ద మిషను ఎందుకో! మాత్రలు వేసుకుంటే నొప్పి తగ్గి నిద్ర వస్తాది, నిద్రమొహంతో గింజ తెలియదు. అద్దాలు మార్చినాడు. తాయెత్తు కట్టుకున్నాడు. వాడి భార్య సుల్తాన్‌బీ ధనియాల కషాయం కాచింది. కషాయం నేను కూడా తాగినా, నాకు తలనొప్పి లేకపోయినా. రుచి బాగుంది, అంతే.

పోయిన సెప్టెంబరులో అసలు దెబ్బ తగిలింది. కణత పగిలిపోతా ఉంటే కళ్లు మూసుకుని కొరికి, ఒక బండికి "దించండి" అన్నాడు. పచ్చి ధాన్యం. పది రోజులకి గోడౌనులో ఆ మూల ఆవిర్లు. ఇప్పుడు మిల్లు చూసుకునేది పాత ఓనరు కొడుకు సుధాకర్. అరవలా, తిట్టలా. చేతిలో పట్టేంత మిషను ఒకటి తెప్పించినాడు. గింజలు పోసి మీట నొక్కితే తేమ ఎంతో అంకె చూపిస్తాది.

"ఖాదర్ భాయ్, మార్చిలో కొత్త పంట దిగే నాటికి నీ తల కుదిరితే కుర్చీ నీది. కుదరకపోతే ఈ మిషను కూర్చుంటాది. నన్ను తప్పుపట్టుకోవద్దు" అన్నాడు.

ముప్పై ఏళ్ల పన్నుకి పోటీగా ఒక డబ్బా! నాకు ఒళ్లు మండింది. ఖాదర్ మాత్రం తల దించుకున్నాడు. తప్పు తనదని వాడికి తెలుసు.

అప్పుడు వాడి కూతురు జబీనా ఫోను చేసింది. ఆ అమ్మాయి మొగుడు తహీర్‌కి పోర్టులో ఉద్యోగం, కాపురం కృష్ణపట్నంలో. పక్కింటామె మోకాళ్ల నొప్పికి నెల్లూరులో ఆక్యుపంచర్ చేయించుకుందంట, సూదులు గుచ్చుతారంట, మెట్లెక్కుతా ఉందంట. "అబ్బాజాన్, ఒక్కసారి పో" అని పట్టుబట్టింది.

ఖాదర్ నా దగ్గరకొచ్చి, "మామా, తోడు రా. నవ్వేదానికైనా ఒకరుండాల" అన్నాడు. జనవరిలో మొదటి గురువారం పోయినాం.

మేడమీద గది. గోడకి ఒక మనిషి బొమ్మ, తోలు మీదంతా చుక్కలు, గీతలు. చీమల బారు పాకినట్టు ఉండాడు పాపం. బల్ల మీద రబ్బరు చెవి, దాని మీద కూడా చుక్కలే. ఎక్కడి నుంచో పిల్లనగ్రోవి వినబడతా ఉంది. నొప్పి తలలో ఉంటే చెవిలో, కాలి వేళ్ల సందులో గుచ్చుతారంట! బాయిలరు ఆవిరి వదులుతా ఉంటే నేను పోయి మిల్లు గేటుకి నూనె వేస్తే ఎట్లుంటాది?

సూదులు గుచ్చే ఆమె పేరు ఫ్లోరా. నలభై దాటినట్టుంది. పన్నెండేళ్లు నర్సుగా చేసి, తర్వాత చెన్నైలో ఈ విద్య నేర్చుకుందంట. నేను ఊరుకోలా.

"ఏమ్మా, ఈ సూదులతో తగ్గేటట్టయితే దర్జీలకి తలనొప్పే రాకూడదే?"

"దర్జీలు వేళ్లలో గుచ్చుకుంటారు పెద్దాయనా. చోటు తప్పు" అంది, నవ్వకుండా.

ఖాదర్ బల్ల మీద పడుకున్నాడు. నుదుట రెండు, చేతుల్లో రెండు, పాదాల్లో రెండు. వెంట్రుక మందాన ఉండాయి. వాడు కప్పు వైపు చూస్తా, "ముప్పై ఏళ్లు బస్తాల్ని గుచ్చినా మామా. అవన్నీ కలిసి ఈమె దగ్గర మొర పెట్టుకున్నట్టుండాయి" అన్నాడు.

"నువ్వు గుచ్చితే ధాన్యమన్నా రాలేది. ఈమె గుచ్చితే ఏం రాలతాది?"

"నీ నోరు మూతపడితే చాలు పెద్దాయనా" అంది ఫ్లోరా.

ఆమె ఖాదర్ దవడలు రెండూ వేళ్లతో నొక్కి చూసింది. "ఎడమ దవడ కండ రాయిలాగుంది. కుడి పక్క మెత్తగా ఉంది. ఏమన్నా నములుతారా? వక్క? పొగాకు?"

"ఏమీ నమలను మేడమ్."

"వీడా? తమలపాకు కూడా ముట్టడు. నేను హామీ" అన్నా నేను, గట్టిగా.

ఆమె నమ్మి రాసుకుంది. అయిదు గురువారాలు అట్లాగే గడిచినాయి. నాలుగోసారి ఖాదర్ బల్ల మీద గురక పెట్టినాడు. బయటికొచ్చినాక అడిగితే "ఏసీ చల్లగా ఉంది మామా" అన్నాడు. జనవరిలో తలనొప్పి ఆరుసార్లు వచ్చింది. అంతకుముందు నెల ఏడు. దీనికి మేము బస్సెక్కి పోయి మనిషిని ముళ్లపందిని చేసుకుని రావాల్నా? ఖాదర్ కూడా మానేద్దామనే అన్నాడు. సుల్తాన్‌బీ ఒప్పుకోలా. "పది సార్లకని మాటిచ్చినారు, మధ్యలో మానితే ఎట్ల?" అని ఆరో గురువారం తానే బయల్దేరి మా ఇద్దరినీ లాక్కొచ్చింది.

ఆ రోజు ఫ్లోరా డబ్బాలోంచి సూదులు తీయకముందే ఒక మాట అడిగింది. "సంవత్సరంలో ఏ నెలలో నొప్పి తక్కువ?"

ఖాదర్ ఆలోచిస్తా ఉంటే సుల్తాన్‌బీ చెప్పింది. "రంజాన్‌లోనమ్మా. ఆ నెలంతా దాదాపు రాదు. అల్లా దయ."

ఫ్లోరా సూదుల డబ్బా పక్కన పెట్టేసింది. "ఉపవాసముంటే ఈ నొప్పి పెరుగుతాది అక్కా. నీళ్లు తాగరు, నిద్ర చాలదు. నా దగ్గరకొచ్చే వాళ్లందరికీ అంతే. ఈయనకి తగ్గడమేంది? ఆ నెలలో ఏమేం మానేస్తారో చెప్పండి."

"పగలు తిండి, నీళ్లు. ఇంకేముంది..." సుల్తాన్‌బీ చీర కొంగు వేలికి చుట్టుకుంటా, "గింజ కొరకడు" అంది.

"ఏం గింజ?"

"వడ్లగింజ. ఈయన పని అదే కదా. రోజా ఉన్నప్పుడు నోట్లో ఏదీ పెట్టకూడదని చేత్తో నలిపి చూస్తాడు."

"రోజుకి ఎన్ని కొరుకుతారు?"

"నాలుగు వందలు, అయిదు వందలు" అన్నాడు ఖాదర్. "ఎడమ పక్కే. కుడి పంటికి తెలియదు."

ఫ్లోరా వాడి వైపు చూసింది, తర్వాత నా వైపు. "ఏమీ నమలరన్నారే! హామీ ఇచ్చినారే పెద్దాయనా!"

గింజ కొరకడం మా వాళ్ల లెక్కలో నమలడం కాదు. అది చూడడం. కాటా తూచినట్టు, కొలత పెట్టినట్టు. కంటితో చూసేవాణ్ని ఎవరన్నా "నువ్వు ఏమన్నా తింటావా" అంటే కన్ను గుర్తుకొస్తాదా? ముప్పై ఏళ్లు వాడి పక్కన నిలబడిన నాకే తట్టలా. తలకాయ ఫొటో తీసిన డాక్టర్లకీ తట్టలా, వాళ్లు అడగను కూడా అడగలా. అయిదు వారాలు గుచ్చిన చైనా విద్యకీ తట్టలా. కనిపెట్టింది సుల్తాన్‌బీ. ఆమె ఇప్పటికీ అది రోజా పుణ్యమనే అంటాది, ఆ మాట కాదనే ధైర్యం నాకు లేదు.

ఫ్లోరా తీర్పు చెప్పింది: ఆరు వారాలు ఒక్క గింజ పళ్ల మధ్యకి పోకూడదు. దవడకి సూదులు మిగిలిన నాలుగుసార్లు తానే వేస్తాది. రంజాన్ ఫిబ్రవరి పందొమ్మిదిన మొదలు కాబట్టి, దానికి ముందు రెండు వారాలు, తర్వాత పండగ దాకా.

ఖాదర్ బల్ల మీద లేచి కూర్చున్నాడు. "నేను కొరక్కపోతే మిల్లులో నాతో పనేముంది మేడమ్?"

ఆమె సూదుల డబ్బా మళ్లీ దగ్గరికి లాక్కుంది. సూది మనిషికి ఆ కుర్చీ విలువ ఏం తెలుస్తాది?

బుచ్చిలో ఉంటే వాడి చేత ఆ పథ్యం చేయించడం అయ్యే పని కాదు. రెండో రోజే రోడ్డు మీద పోయే ట్రాక్టరు ఆపి గింజ నోట్లో వేసుకోబోతా ఉంటే సుల్తాన్‌బీ చెయ్యి పట్టుకుంది. ఫిబ్రవరి ఎనిమిదిన వాణ్ని కృష్ణపట్నంలో జబీనా ఇంటికి తోలేసినాం. అక్కడ చుట్టూ పోర్టులో దించే బొగ్గు. బొగ్గు కొరకలేడు గదా.

ఆ నెలలో నొప్పి రెండుసార్లు వచ్చింది. తగ్గిందానికి కారణం ఫ్లోరా సూదులని జబీనా, రోజాలని సుల్తాన్‌బీ, పన్నుకి సెలవని నేను. ఖాదర్‌ని అడిగితే, "ఎవరిదో మామా, కుర్చీ పోయినాక తల బాగుండి ఏం లాభం?" అన్నాడు. ఎప్పుడూ కుంగని మనిషి. నాకు నచ్చలా. తిన్నగా మిల్లుకి పోయి సుధాకర్‌ని నిలదీసినా.

"మీ నాయన కాలంలో రంజాన్ నెలల్లో మిల్లు మూసుకున్నామా? ఆ నెల వాడు చేత్తో చూసిన ధాన్యం ఒక్క బస్తా చెడిందా?"

సుధాకర్ పాత రిజిస్టరు తెప్పించి ఆ నెలలు తిప్పినాడు. ఒక్కటీ లేదు. "సరే మామా, పరీక్ష పెడదాం. నా మిషను, ఆయన చెయ్యి" అన్నాడు.

మార్చి ఎనిమిది ఆదివారం ఇద్దరం కారులో కృష్ణపట్నం పోయినాం. సుధాకర్ పది గుడ్డ మూటలు తెచ్చినాడు, ఒక్కోటి ఒక్కో బండిది. జబీనా మా ఇద్దరికీ టీ ఇచ్చింది. ఖాదర్ రోజాలో ఉండాడు. ఒక చెక్కపలక, నున్నటి రాయి ముందు పెట్టుకుని కూర్చున్నాడు. ఒక్కో మూట విప్పి, ముందు పిడికిట్లో బిగించి, వేళ్ల సందుల్లో జారవిడిచి, చెవి దగ్గర గలగలలాడించినాడు. తర్వాత పలక మీద రాయితో నలిపి, విరిగిన బియ్యం ఎంత, నిలిచింది ఎంత అని చూసినాడు. సుధాకర్ పక్కకి తిరిగి మిషను నొక్కుతా ఉండినాడు.

తొమ్మిది మూటలకి ఇద్దరి మాటా ఒకటే. పదోది మిషను "బాగుంది" అన్నట్టు అంకె చూపించింది. ఖాదర్ దాన్ని రెండుసార్లు నలిపినాడు. మూడోసారి నలిపినాడు. నేను టీ గ్లాసు కింద పెట్టినా.

"బాబూ, ఇది ఒక బండిది కాదు. రెండు బళ్లవి. ఒకటి ఎండి పెళుసైంది, సగం నూకవుతాది. ఒకటి పచ్చి. ఎవరో కలిపినారు."

సుధాకర్ మిషను జేబులో పెట్టుకున్నాడు. "కలిపింది నేనే భాయ్. రెండూ కలిస్తే మిషను సగటు చెబుతాది."

"చెప్పినా కదా, డబ్బా అని" అన్నా నేను.

"డబ్బా కూడా ఉంటాది మామా, ఖాదర్ భాయ్ పక్కన. అలిసినప్పుడు చూసుకుంటాడు."

ఉండనీ. ఖాదర్ దానికి అభ్యంతరం చెప్పలా. "ఇంక ఏడాదంతా చేత్తోనే. పన్నుకి పెన్షను ఇచ్చేసినా" అన్నాడు. కృష్ణపట్నం నుంచి నెల్లూరికి పోయే గురువారాల్లో ఒకటి తప్పింది, ఆ మిగిలిన ఒక్క సూదుల గురువారానికి కూడా పోతానంటున్నాడు. తగ్గింది సూదులతో కాదు కదరా, మళ్లీ ఎందుకంటే, "అక్కడ నిద్ర బాగా పడతాది" అంటాడు. సూదుల మంచం మీద నిద్ర! నేను మాత్రం తోడు పోను.

కొత్త పంట కోతలు మొదలైనాయి. నెలవంక కనబడితే పండగ శనివారం అంటున్నారు. పండగ చేసుకుని, కూతురింటి నుంచి ఖాదర్ మొహిద్దీన్ మా మిల్లు కాటా దగ్గరికి తిరిగి వచ్చేది 2026 మార్చి 23, సోమవారం.